ఇటలీలో పాత ఇంటిని హాలిడే అపార్ట్‌మెంట్లుగా మార్చే ‘కియావీ ఇన్ మానో’ ప్యాకేజీ: నాలుగు గీసి ఇస్తారు, ఇల్లు ఎన్ని ఇస్తుందో చూడరు

ఊంబ్రియా, మార్కె, తొస్కానా, అబ్రుత్సో కొండల్లో తాతల నాటి రాతి ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి. వారసులు మిలానోలోనో రోమాలోనో ఉద్యోగాలు చేసుకుంటుంటారు. అమ్మబుద్ధి కాదు, వదిలేస్తే కప్పు కూలుతుంది. అలాంటి కుటుంబాల కోసం వచ్చిందే ‘కియావీ ఇన్ మానో’ సర్వీసు. పనంతా ఒకే కంపెనీ చూసుకుని చివర్లో తాళాలు చేతిలో పెడుతుంది. కొలతలు, కొమూనె (స్థానిక మునిసిపాలిటీ) అనుమతులు, తాపీ పని, కరెంటు, ప్లంబింగు, ఫర్నిచరు, ఆఖరికి బుకింగ్ సైట్లో పెట్టే ఫొటోలు కూడా ఒకే రేటులో, చదరపు మీటరు లెక్కన.

తేల్చి చెప్పాలంటే, చేతిపనికి ఈ ప్యాకేజీ మంచిదే. బాత్రూములు, వైరింగు, టైల్సు, రంగులు, వంటగది బిగింపు లాంటివి మంచి కంపెనీలు నాణ్యంగా చేస్తాయి. విడివిడిగా ఒక్కో మేస్త్రీ వెంట పడటం కంటే తొందరగా కూడా అవుతుంది. కాని ఇంటిని ఎన్ని భాగాలు చెయ్యాలన్న నిర్ణయం మాత్రం వాళ్ళకి వదిలెయ్యకూడదు. ప్యాకేజీ ధర, బొమ్మలు, ఆదాయం లెక్క అన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి. ఆ అంకెనేమో ఇంటిని సరిగ్గా చూడకముందే వేసేస్తారు.

మొదట ఒక మనిషి వచ్చి, ఒక పూట ఉండి, లేజర్ మీటరుతో గదులు కొలుచుకుపోతాడు. కొద్ది రోజుల్లోనే త్రీడీ బొమ్మలు వస్తాయి. కింద 120 చదరపు మీటర్లు, పైన 120, మొత్తం 4 అపార్ట్‌మెంట్లు, ఒక్కోటి 60. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కొమూనె దగ్గరున్న పాత ఫైలు, కింది అంతస్తు ఎత్తు, రెండు అంతస్తుల మధ్య కప్పు మాత్రం ఆ బొమ్మల్లో ఎక్కడా కనపడవు. 4 కాస్తా 3 అయ్యేది, ఒక్కోసారి 2 అయ్యేది వాటి వల్లే.

ముందు కాగితం సంగతి. కంపెనీ మనిషి సాధారణంగా కతాస్తో నుంచి ప్లాను తెప్పించి, ‘ఇల్లు, ప్లాను సరిపోయాయి’ అంటాడు. అది చాలదు. కతాస్తో పన్ను రిజిస్టరు. అందులో ఉన్నంత మాత్రాన ఒక గది చట్టబద్ధం అయిపోదు. 2001 నాటి 380వ నంబరు బిల్డింగ్ కోడు అడిగేది ‘స్తాతో లెజిత్తిమొ’, అంటే కొమూనె అనుమతుల ప్రకారం ఇల్లు ఎలా ఉండాలో ఆ స్థితి. ఊళ్ళ లోపల కట్టడాలకి 1942 నుంచి, ఊరి బయట కట్టడాలకి కూడా 1967 సెప్టెంబరు 1 నుంచి అనుమతి తప్పనిసరి అయింది. అంతకుముందు కట్టిన ఇంటికి అనుమతి పత్రం దొరకదు కాబట్టి మొట్టమొదటి కతాస్తో నమోదు, పాత ఫొటోలు, పటాలు, ఆర్కైవు కాగితాలు సాక్ష్యంగా పనికొస్తాయి. పొలాల్లో ఉన్న ఇళ్ళకి 1954-55లో విమానం నుంచి తీసిన ‘వోలో గాయ్’ ఫొటోలు చాలాసార్లు ఆదుకుంటాయి. అప్పటికే ఆ కొట్టు ఉందో లేదో వాటిలో తెలిసిపోతుంది.

ఇలాంటి ఇళ్ళలో ఎక్కువగా బయటపడేవి అనుమతి లేకుండా చేసిన చిన్న మార్పులే. వరండాకి గోడ కట్టి బాత్రూము చేసి ఉంటారు. ఒక కిటికీ మూసి మరో చోట తెరిచి ఉంటారు. ధాన్యం కొట్టు మీదికి మెట్లు వేసి గది చేసి ఉంటారు. అలాంటిది ఒక్కటి ఉన్నా, దాన్ని సరిచేసేదాకా కొత్త పని దరఖాస్తు నిలబడదు. 2024లో వచ్చిన ‘సాల్వా కాజా’ చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. 2024 మే 24కి ముందు జరిగిన పనుల్లో, అనుమతి ఇచ్చిన కొలతలకీ కట్టిన కొలతలకీ మధ్య తేడాని ఇంటి విస్తీర్ణాన్ని బట్టి భరిస్తుంది. 60 చదరపు మీటర్ల లోపు 6 శాతం, 100 లోపు 5, 300 దాకా 4, 500 దాకా 3, ఆ పైన 2. మూసేసిన వరండా ఈ లెక్కలోకి రాదు. దానికి వేరే క్రమబద్ధీకరణ దరఖాస్తు, జరిమానా, టైము కావాలి.

కొమూనెలో పాత ఫైలు చూడటానికి ‘అచ్చెస్సో ఆల్యి ఆత్తి’ అనే దరఖాస్తు పెట్టాలి. చట్ట ప్రకారం గడువు 30 రోజులు. చిన్న కొమూనెల్లో ఆర్కైవు నేలమాళిగలో ఉండి మనిషి వారానికి రెండు రోజులే వస్తే ఇంకా ఎక్కువే పడుతుంది. బొమ్మలు చకచకా ఇచ్చిన కంపెనీ ఈ ఫైలు చూడలేదని అర్థం. అందుకే సొంతంగా ఒక జెయోమెత్రాని (ఇంటి కొలతలు, అనుమతులు చూసే లైసెన్సు నిపుణుడు) పెట్టుకుని, ఈ దరఖాస్తు, పూర్తి కొలతలు, తేడాల రిపోర్టు చేయించి, ఆ తర్వాతే ప్యాకేజీ వాళ్ళని పిలవాలి. మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగం, కాపాడేది మాత్రం పెద్ద మొత్తాన్ని. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్ల మీద ఉమ్మడిగా ఉన్న ఇల్లయితే ఈ దశలోనే అందరి సంతకాలూ తీసుకోవడం మంచిది. సివిల్ కోడు 1108వ ఆర్టికల్ కొత్త మార్పులకి మూడింట రెండు వంతుల విలువ ఉన్న వాటాదారుల మెజారిటీ చాలంటుంది. కాని సంతకం పెట్టని ఒక్కరు కోర్టుకెళ్తే పని మధ్యలో ఆగుతుంది.

ఇక కింది అంతస్తు. ప్యాకేజీ లెక్క తప్పేది అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

మధ్య ఇటలీలో పాత రైతు ఇల్లు, ‘కాజా కొలోనికా’, ఎక్కువగా ఒకే తీరులో ఉంటుంది. కింద పశువుల కొట్టం, వైను పీపాలు పెట్టుకునే గది, పైన కుటుంబం, బయట రాతి మెట్లు. భూస్వామి పొలం, రైతు కష్టం, పంటలో సగం సగం అనే ‘మెత్సద్రియా’ పాలు పద్ధతి నడిచినంత కాలం ఇళ్ళు ఇలాగే కట్టారు. 1964లో కొత్త మెత్సద్రియా ఒప్పందాలని చట్టం ఆపేసింది. కుటుంబాలు పట్నాలకి వెళ్ళాయి. కొట్టాలు కొట్టాలుగానే మిగిలిపోయాయి. కాగితాల్లో కూడా అవి నివాసం కాదు.

ఉన్న నివాసాన్నే రెండుగా విడగొట్టడం, ‘ఫ్రాత్సియొనమెంతో’, ఇప్పుడు తేలికైన పని. 2014 చట్టం దాన్ని సాధారణ మరమ్మతులకి పై మెట్టైన పెద్ద మరమ్మతుల కోవలోకి తెచ్చింది. మొత్తం ఘనపరిమాణం మారకుండా, వాడకం మారకుండా, బరువు మోసే గోడలు ముట్టుకోకుండా ఉంటే ‘చీలా’ అనే తెలియజేత చాలు. గోడలు ముట్టుకుంటే అంతకంటే కట్టుదిట్టమైన ‘షీయా’ తెలియజేత కావాలి. కొట్టాన్ని నివాసంగా మార్చడం వేరే సంగతి. వాడకం మారుతుంది, కొమూనెకి రుసుములు కట్టాలి, ఆ ప్రాంతపు ప్లాను ఒప్పుకోవాలి. ప్యాకేజీ కొటేషన్లో ఈ రెండింటికీ కలిపి ‘అనుమతులు’ అని ఒకే లైను ఉంటే అక్కడే ఆగి అడగాలి.

ఆపైన ఎత్తు, వెలుగు. 1975 జూలై 5 నాటి ఆరోగ్య డిక్రీ ప్రకారం నివాస గది ఎత్తు 2.70 మీటర్లు, బాత్రూముకీ నడవాకీ 2.40. తెరుచుకునే కిటికీ వైశాల్యం నేలలో ఎనిమిదో వంతు ఉండాలి. 16 చదరపు మీటర్ల గదికి 2 చదరపు మీటర్ల కిటికీ కావాలన్నమాట. కొట్టం కిటికీ 60 సెంటీమీటర్ల వెడల్పు, 80 ఎత్తు అనుకుంటే అర చదరపు మీటరు కూడా రాదు. 2024 చట్టం కొన్ని షరతుల మీద 2.40 ఎత్తుని, ఒక మనిషికి 20, ఇద్దరికి 28 చదరపు మీటర్ల ఒంటిగది ఇంటిని కూడా ఒప్పుకుంది. ఇంటి ఆరోగ్య పరిస్థితి మెరుగుపడుతోందని నిపుణుడు సంతకం పెట్టి చూపించాలి. ఇది దారి చూపే నిబంధనే, కాని ఆ భరోసాతో ముందే అడ్వాన్సు కట్టకూడదు.

ఎత్తు చాలకపోతే ‘నేల తవ్వేద్దాం’ అంటారు. లెక్క వేసి చూడండి. ప్రస్తుతం ఎత్తు 2.35 అనుకుందాం. 2.70కి ఇంకా 35 సెంటీమీటర్లు కావాలి. చెమ్మ రాకుండా కింద గాలి ఆడే నేల వెయ్యాలి కాబట్టి ‘ఇగ్లూ’ ప్లాస్టిక్ గుమ్మటాలు 20, వాటి మీద ఇనుప జాలీతో కాంక్రీటు 5, ఇన్సులేషన్ 8, గచ్చూ టైల్సూ కలిపి 8. మొత్తం 41. అంటే 76 సెంటీమీటర్ల తవ్వకం. ఈ ఇళ్ళ పునాదులు చాలా చోట్ల అంత లోతు కూడా ఉండవు, గోడ కాస్త వెడల్పు చేసి మట్టి మీదే పెట్టేసి ఉంటుంది. పునాది అడుగుకంటే కిందికి తవ్వితే గోడ కింద మట్టి జారుతుంది. సరైన పద్ధతి సొత్తోమురాత్సియొనె. మీటరు మీటరు ముక్కలుగా, పక్కపక్క ముక్కలు ఒకేసారి తీయకుండా, ఒకటి విడిచి ఒకటి తవ్వి కింద కొత్త పునాది వేసుకుంటూ పోవాలి. నిదానమైన పని, ఖరీదైన పని. చదరపు మీటరు రేటులో ఇది ఇమడదు. గోడ మూలల్లో రెండు మూడు చోట్ల గొయ్యి తీసి పునాది లోతు చూడకుండా ఇచ్చిన కొటేషన్‌కి విలువ లేదు.

చెమ్మ విషయంలో ప్యాకేజీల అలవాటు నాకు అస్సలు నచ్చదు. కింది గోడకి సిమెంటు గార కొట్టి, పైన వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తారు. లేదా గోడ ముందు జిప్సం బోర్డు నిలబెట్టి కనపడకుండా కప్పేస్తారు. రాతి గోడలో నేలనుంచి ఎక్కే నీరు గోడ ముఖం నుంచి ఆవిరైపోతూ ఉంటుంది. ఆ ముఖం మూసేస్తే అది ఇంకా పైకి ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట బయటపడుతుంది. దానితోపాటు వచ్చే ఉప్పు గార వెనక గట్టిపడి గారని నెట్టేస్తుంది. ఫొటోలు తీసిన రోజు అంతా బాగుంటుంది. తర్వాత ఏడాదికే నడుమెత్తున బొబ్బలు లేస్తాయి, బోర్డు వెనక బూజు వాసన మొదలవుతుంది. పాత కొట్టాల గోడల్లో పశువుల మూత్రం వల్ల నైట్రేట్ ఉప్పులు ఇంకా ఎక్కువ. సరైన వరసలో మొదట గార మొత్తం రాయి దాకా కొట్టెయ్యాలి. గోడని ఒక వేసవి అంతా తెరిచి వదలాలి. బయటి వైపు వాన నీళ్ళు గోడ అడుగున నిలవకుండా వాలు, డ్రైను చెయ్యాలి. అప్పుడు సహజ హైడ్రాలిక్ సున్నంతో, ఎన్‌హెచ్‌ఎల్ 3.5 రకంతో, రెండు పూతలు వెయ్యాలి. రంగు కూడా సున్నపుదే. ఈ వేసవి ఎండబెట్టడాన్ని కాంట్రాక్టు క్యాలెండరులో ముందే రాయించకపోతే ఎవరూ ఆగరు.

ఇప్పుడు మధ్య కప్పు. అతిథులు రివ్యూల్లో తరచూ చేసే ఫిర్యాదు చప్పుడు గురించి. పాత కప్పు అంటే చెస్ట్‌నట్ దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద ‘పియనెల్లె’ ఇటుక పలకలు, పైన పల్చగా గచ్చు. కింద నుంచి చూస్తే ఎంతో అందం. కాని పైన ఎవరైనా కుర్చీ జరిపితే కింద మంచం మీదున్నవాళ్ళకి వినపడుతుంది. ఒకే కుటుంబం ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాలు పైనా కిందా పడుకుంటే గొడవ. 1997 డిసెంబరు 5 నాటి డిక్రీ ఇళ్ళ మధ్య గాలిలో వచ్చే చప్పుడుకి కనీసం 50 డెసిబెల్స్ అడ్డు, అడుగుల చప్పుడు గరిష్ఠంగా 63 డెసిబెల్స్ అని పెట్టింది. ఈ రెండు అంకెలూ కాంట్రాక్టులో రాయమని అడగండి. రాయడానికి వెనకాడితే కారణం తెలిసినట్టే.

చప్పుడు ఆపే పొర ప్యాకేజీలో ఉంటుంది, కాకపోతే వెయ్యడంలోనే చెడిపోతుంది. రబ్బరు లేదా ఫెల్టు చాప పరిచి, గోడ చుట్టూ నురగ పట్టీ నిలబెట్టి, పైన గచ్చు పోస్తారు. గచ్చు గోడని ఎక్కడా తాకకుండా చాప మీద తేలాలి. టైల్సు మేస్త్రీ వచ్చి, అడ్డంగా ఉందని ఆ పట్టీని గచ్చు మట్టానికే కోసేస్తాడు. టైలు, జిగురు, సందు సిమెంటు అన్నీ గోడని తాకుతాయి. ఆ ఒక్క అంచు గుండా చప్పుడంతా గోడలోకి దిగి కింది గదిలో మోగుతుంది. పట్టీని టైల్సు పరిచి, సందులు నింపాకే కొయ్యాలి. గోడ అడుగు పట్టీ టైలుని నేల మీద ఆనించకుండా 2, 3 మిల్లీమీటర్లు ఎత్తి అంటించి, ఆ సందుని సిమెంటుతో కాకుండా సిలికానుతో పూడ్చాలి. ఖర్చు దాదాపు శూన్యం. పని జరిగే రోజు మన తరఫున ఒకరు అక్కడ నిలబడి చూడాల్సిన విషయాల్లో ఇదొకటి.

కప్పు బలం గురించి కూడా ఒక మాట. దూలాల మీద ఉక్కు కనెక్టర్లు బిగించి 5 సెంటీమీటర్ల కాంక్రీటు పొయ్యడం మామూలు పద్ధతి. మామూలు కాంక్రీటైతే చదరపు మీటరుకి 125 కిలోలు కొత్తగా ఎక్కుతాయి. తేలిక కాంక్రీటుతో ఇది 80, 90కి దిగుతుంది, పైన అడ్డంగా రెండో చెక్క పొర కొడితే ఇంకా తక్కువ. మట్టి, సున్నం, గుండ్రాళ్ళతో నింపిన రెండు పొరల గోడ మీద ఎంత బరువు పెడితే భూకంపంలో అంత ప్రమాదం. 1997లో ఊంబ్రియా, మార్కెల్లో వచ్చిన భూకంపంలో, పాత రాతి గోడల మీద బరువైన కాంక్రీటు కప్పులు మోపిన ఇళ్ళు దెబ్బతిన్న తీరు చూశాకే ఇంజనీర్లు ఈ పద్ధతికి దూరం జరిగారు. కప్పుని తేలిగ్గా ఉంచి, గోడలని ఉక్కు కడ్డీలతో, ‘కతెనె’లతో, ఒకదానికొకటి కట్టడం మేలు. రెండు అపార్ట్‌మెంట్ల కోసం మధ్య గోడలో కొత్త తలుపు తెరిస్తే చుట్టూ ఉక్కు చట్రం, దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలు, ప్రాంతీయ భూకంప కార్యాలయంలో దాఖలు, ఇవన్నీ తప్పవు. ‘చిన్న తలుపే కదా’ అనే కంపెనీని అక్కడికక్కడే వదిలేయడం మంచిది.

బాత్రూముల్లో పనితనం బాగుంటుంది. చోటు ఎంచుకోవడంలోనే తప్పు చేస్తారు. మరుగుదొడ్డి పైపు 110 మిల్లీమీటర్లది. మీటరుకి కనీసం 1 సెంటీమీటరు వాలు కావాలి. నిలువు పైపుకి 3 మీటర్ల దూరంలో బాత్రూము పెడితే 11కి 3 కలిపి 14 సెంటీమీటర్లు, దాని మీద గచ్చు, టైలు. ఇటుక పలకల కప్పులో అంత మందం ఎక్కడిది? దూలం కొయ్యలేరు కాబట్టి బాత్రూము మొత్తాన్ని మెట్టంత ఎత్తు పెంచుతారు. రాత్రి నిద్రలో లేచిన అతిథి ఆ మెట్టు దగ్గర పడతాడు, పైన ఎత్తు 2.40 కంటే తగ్గిపోవచ్చు. లేదా మోటారుతో రుబ్బి తోసే కమోడ్ పెడతారు. హాలిడే ఇంట్లో దాంట్లో తడి రుమాళ్ళు పడనే పడతాయి, సీజను మధ్యలో మోటారు ఆగుతుంది. బాత్రూములన్నీ ఒకదాని మీద ఒకటి, బయటి గోడకి ఆనుకుని, ఒకే నిలువు పైపు చుట్టూ రావాలి. అలా వచ్చే చోట్లు ఇంట్లో ఎన్ని ఉన్నాయో చూస్తే, అపార్ట్‌మెంట్లు ఎన్ని వస్తాయో కూడా తెలిసిపోతుంది. ఊరి డ్రైనేజీ లేని చోట పాత గుంతకే కలిపేస్తారేమో కూడా చూసుకోవాలి. అపార్ట్‌మెంట్లకి మురుగులో మడ్డిని విడదీసే ఇమ్‌హోఫ్ ట్యాంకు కొత్త లెక్కతో, వంటింటి నీళ్ళకి వేరే జిడ్డు తొట్టి, వదలడానికి అనుమతి కావాలి.

మిగతావి త్వరగా. కరెంటు మీటరు ఒక్కో అపార్ట్‌మెంటుకి విడిగా ఉండాలి. ఇటలీలో మామూలు ఇంటి కనెక్షను 3 కిలోవాట్లు. ఓవెను, కెటిల్, ఏసీ కలిస్తే పడిపోతుంది. 4.5 తీసుకోండి, ఇండక్షను పొయ్యి ఉంటే 6 నయం. మీటరు స్విచ్చు అతిథికి అందే చోట ఉండాలి, తాళం వేసిన గదిలో కాదు. రాతి గోడ 60 సెంటీమీటర్లుంటే వైఫై దాటదు. గచ్చు పొయ్యకముందే ఒక్కో అపార్ట్‌మెంటుకి ఒక కేబులు గొట్టం వేయించాలి, తర్వాత కుదరదు. దుప్పట్లు, తువ్వాళ్ళు, చీపుర్లు పెట్టుకోవడానికి 4, 5 చదరపు మీటర్ల ఉమ్మడి గదిని ఏ ప్యాకేజీ బొమ్మలోనూ గీయరు. అడిగి గీయించుకోవాలి.

వేడి చేసే పద్ధతిని మాత్రం బొమ్మ చూసి ఎంచుకోకూడదు. నేల కింద పైపులతో వేడి చెయ్యడాన్ని ప్యాకేజీలు గొప్పగా చూపిస్తాయి. రోజూ ఉండే ఇంటికి బాగుంటుంది. మార్చిలో శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం పోయే అతిథికి పనికిరాదు. 60 సెంటీమీటర్ల రాతి గోడ చదరపు మీటరుకి 1,200 కిలోల దాకా బరువుంటుంది. అది వేడెక్కేలోపు అతిథి వెళ్ళిపోతాడు. ఇలాంటి వాడకానికి హీట్‌పంపుతో నడుస్తూ ఫ్యానుతో వేడి గాలి ఊదే ఫ్యాన్‌కాయిల్స్ లేదా స్ప్లిట్ ఏసీలు, లోపలి గోడకి జనపనార కలిపిన సున్నపు గార ఒక 5 సెంటీమీటర్లు సరైన జోడీ. గాలి ముందు వేడెక్కుతుంది, గోడ ముట్టుకుంటే చల్లగా తగలదు.

డబ్బు, కాంట్రాక్టు. ప్యాకేజీలో నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ‘దిరెత్తోరె దెయ్ లవోరి’ విషయంలో. పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టే నిపుణుడు ఆయన. ప్యాకేజీలో ఆయన జీతం కూడా కంపెనీదే. పని చేసేవాడే పని పాసు చేస్తే ఇంటి యజమాని తరఫున ఎవరూ లేనట్టే. ఈ మనిషిని మీరే పెట్టుకోండి, ముందు చెప్పిన జెయోమెత్రా అయినా సరే. అలాగే ఒక కంపెనీ పేరున్నా లోపల ప్లంబరు, ఎలక్ట్రీషియను వేరే సంస్థలు. ఒకటి కంటే ఎక్కువ సంస్థలు పని చేసే చోట 2008 నాటి 81వ డిక్రీ ప్రకారం సేఫ్టీ కోఆర్డినేటరు, పనికి ముందు ఆరోగ్య శాఖకీ కార్మిక శాఖకీ నోటీసు తప్పనిసరి. బాధ్యత ఇంటి యజమానిదే. అది లేకపోతే జరిమానాతో పాటు పన్ను రాయితీ కూడా పోతుంది.

ఆ రాయితీ గురించి ప్యాకేజీ బ్రోచర్లలో ఒక లెక్క తరచూ తప్పు చెబుతారు. మరమ్మతు ఖర్చు మీద, యజమాని స్వయంగా నివసించని ఇంటికి 2025లోనూ 2026లోనూ 36 శాతం, గరిష్ఠ ఖర్చు ఒక్కో యూనిట్‌కి 96,000 యూరోలు. నాలుగు అపార్ట్‌మెంట్లు కాబట్టి నాలుగింతలు అంటారు. కాదు. పని మొదలుపెట్టిన రోజు కతాస్తోలో ఎన్ని యూనిట్లున్నాయో అదే లెక్క. ఒకటే ఇల్లుగా ఉంటే 96,000 ఒక్కసారే. అంటే 34,560 యూరోలు, 10 ఏళ్ళలో ఏటా 3,456 చొప్పున. డబ్బు ‘బొనీఫికో పర్లాంతె’ అనే ప్రత్యేక బ్యాంకు బదిలీతోనే కట్టాలి. దానిమీద బ్యాంకు 11 శాతం పట్టుకుని పన్నుశాఖకి పంపుతుంది. అందుకే కొందరు కాంట్రాక్టర్లు ‘మామూలు బదిలీ చెయ్యండి’ అంటారు. చేశారో, రాయితీ గోవిందా.

అపార్ట్‌మెంట్ల సంఖ్య పన్నుని కూడా మారుస్తుంది. ప్యాకేజీ ఆదాయం పట్టికలో ఇది ఉండదు. 30 రోజులకి మించని అద్దెల మీద ఒక ఇంటికి 21 శాతం, రెండోదానికి 26 శాతం స్థిర పన్ను కట్టొచ్చు. 2021 నుంచి 2025 దాకా 4 ఇళ్ళ వరకూ వ్యాపారంగా చూడలేదు. 2026 బడ్జెట్ చట్టం ఆ హద్దుని 2కి దించింది. మూడో అపార్ట్‌మెంటు అద్దెకిచ్చారంటే వ్యాట్ నంబరు, పుస్తకాలు, సామాజిక భద్రతా చందాలు అన్నీ మొదలు. అపార్ట్‌మెంట్లని వారసుల మధ్య విడదీసి ఎవరిది వారి పేరున పెడితే లెక్క ఇంకోలా ఉంటుంది. గోడ కట్టకముందే కొమ్మెర్చాలిస్తాని, అంటే పన్నుల అకౌంటెంటుని, కలవాల్సింది ఇందుకే. చాలా ఇళ్ళకి పైన రెండు మంచి అపార్ట్‌మెంట్లు, కింద ఉమ్మడి గది, వాషింగ్ మెషిన్లు, సైకిళ్ళు పెట్టుకునే చోటు అనేదే ఇంటికీ కాగితానికీ పన్నుకీ మూడింటికీ సరిపోయే జవాబు.

పని పూర్తయ్యాక ‘చిన్’ అనే జాతీయ కోడు తీసుకోవాలి. దాన్ని ఇంటి బయట, ప్రతి ప్రకటనలో చూపించాలి. కోడు లేకపోతే 800 నుంచి 8,000 యూరోల జరిమానా. గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లు, 200 చదరపు మీటర్లకి ఒకటి చొప్పున, అంతస్తుకి కనీసం ఒకటైనా అగ్నిమాపక సిలిండరు ఉండాలి. అతిథుల వివరాలు వచ్చిన 24 గంటల్లో పోలీసుల ‘అల్లొజ్జాతి వెబ్’లో పెట్టాలి. ప్యాకేజీ వాళ్ళు ఈ భాగం బాగా చేస్తారు, అలవాటైన పని.

మొత్తంగా, ఇల్లు దూరంగా ఉండి, కాగితాలు శుభ్రంగా ఉండి, పైన ఉన్న నివాసాన్నే రెండుగా విడగొట్టేవాళ్ళకి ఈ సర్వీసు తీసుకోమనే చెబుతాను. కొట్టం మార్చాలన్నా, పునాది ముట్టుకోవాలన్నా, ఊరు ఎక్కువ ప్రమాదం ఉన్న భూకంపం జోను 1, 2లో ఉన్నా, ఇంజనీరుతో డిజైను చేయించి, అంశాల వారీ కొలతలూ ధరలూ ఉన్న ‘కొంపూతో మెత్రికో’ మీద మామూలు కాంట్రాక్టరుకి ఇవ్వడమే మేలు. ఎవరికిచ్చినా డబ్బు పని దశల ప్రకారం కట్టండి. చివరి 10 శాతం ఆపుకుని, కరెంటు, నీళ్ళు, గ్యాసు పనులకి 2008 నాటి 37వ డిక్రీ ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్లు, కొత్త కతాస్తో ప్లాన్లు, పని ముగిసిన 15 రోజుల్లో కొమూనెకి ఇవ్వాల్సిన నివాసయోగ్యత పత్రం రసీదు, ఈ మూడూ చేతికొచ్చాకే ఇవ్వాలి.